పాత స్పోర్ట్స్ కారు సస్పెన్షన్ ఇంట్లో మార్చుకోవాలంటే: షాకప్‌లు కొనేముందు బుష్‌లు చూడండి

మీ ప్రశ్న సారాంశం ఇది. కారు మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5, వయసు ముప్పై ఏళ్లకు దగ్గర. గతుకుల మీద ముందు వైపు నుంచి టక్ టక్‌మని చప్పుడు వస్తోంది. వేగం పెరిగితే కారు నిలకడగా పోవడం లేదు, స్టీరింగ్ మాటిమాటికీ సర్దాల్సి వస్తోంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నేరుగా రావడం లేదు. ముందు టైర్ల లోపలి అంచు అరిగిపోయింది. మెకానిక్ చూసి నాలుగు షాకప్‌లూ మార్చేయమన్నారు. మీ దగ్గర జాకీ, స్టాండ్లు, మంచి పానాల సెట్టు ఉన్నాయి. ఇంట్లో చేసుకోవచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

చేసుకోవచ్చు. ఈ కారు అందుకు బాగా అనువైనది కూడా. కానీ షాకప్‌లతో మొదలుపెట్టకండి. షాకప్ చేసే పని స్ప్రింగ్ ఊగకుండా ఆపడం. అది పోయిందంటే గతుకు దాటాక కూడా కారు ఊగుతూనే ఉంటుంది, బ్రేక్ వేస్తే ముక్కు బాగా కిందికి దిగుతుంది, టైరు చుట్టూ అక్కడక్కడా గుంటలు పడ్డట్టు అరుగుతుంది. మీరు చెప్పినవాటిలో ఇవేవీ లేవు. స్టీరింగ్ వెనక్కి రాకపోవడానికీ, టైరు లోపలి అంచు అరగడానికీ షాకప్‌తో నేరుగా సంబంధం లేదు. చక్రం ఏ కోణంలో నిలబడాలో ఆ కోణంలో నిలబడటం లేదని అవి చెబుతున్నాయి. చక్రాన్ని ఆ కోణంలో పట్టి ఉంచేవి బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు), బాల్ జాయింట్లు (అన్ని వైపులా తిరిగే గుండు కీళ్లు), టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీల చివరి కీళ్లు). అవి లొడలొడలాడుతుండగా ఎంత ఖరీదైన షాకప్ వేసినా కారు గట్టిగా అనిపిస్తుందే తప్ప బాగుపడదు.

1989లో తొలిసారి వచ్చిన ఈ మోడల్‌కు నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షనే. అంటే ఒక్కో చక్రాన్నీ పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ పట్టుకుని ఉంటాయి. ఆ ఆర్మ్‌లు సబ్‌ఫ్రేమ్‌కి, అంటే బాడీ కింద బిగించిన ఇనుప చట్రానికి, కలిసే ప్రతిచోటా ఒక రబ్బరు బుష్ ఉంటుంది. కారు మొత్తం మీద అవి డజనుకు పైనే. ఇన్నేళ్లకు రబ్బరు గట్టిపడుతుంది, పగులుతుంది, లోపలి ఉక్కు గొట్టం మధ్యలోంచి పక్కకు జారుతుంది. ఒక్కో బుష్‌లో ఒక మిల్లీమీటరో అంతకన్నా తక్కువో తేడా వచ్చినా, అన్నీ కలిస్తే బ్రేక్ వేసినప్పుడు ముందు చక్రం ఒకవైపు, కాలు తీసినప్పుడు ఇంకోవైపు చూస్తుంది. వెనక బుష్‌లు పోతే ఇంకా చిత్రంగా ఉంటుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే వెనక చక్రాల దిశ కొద్దిగా మారి, కారు వెనక భాగమే స్టీరింగ్ తిప్పుతున్నట్టు అనిపిస్తుంది. డ్రైవర్ దాన్ని ముందు వైపు లోపం అనుకుని స్టీరింగ్ సర్దుతూ ఉంటారు. మీరు చెప్పిన నిలకడలేనితనంలో వెనక బుష్‌ల వాటా తప్పకుండా ఉంటుందని నా అంచనా. అందుకే ముందు వైపే చూసి ఆగిపోవద్దు.

ఏ భాగమూ కొనకముందు ఒక పూట తనిఖీకి పెట్టండి. మొదట టైర్లు. టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగంకెలు ఉంటాయి. 2318 అని ఉంటే 2018వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. రబ్బరు గట్టిపడిన పాత టైర్ల మీద ఏ సస్పెన్షనూ సరిగా పనిచేయదు. తర్వాత అరుగుదల చూడండి. లోపలి అంచు నున్నగా, సమానంగా అరిగితే చక్రం పైభాగం లోపలికి ఎక్కువ వాలి ఉండవచ్చు. అరచేతిని టైరు మీద అడ్డంగా రుద్దితే ఒకవైపు నున్నగా, తిరుగు వైపు రంపం పళ్లలా తగిలితే టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తప్పింది. ఎక్కువగా రెండూ కలిసే ఉంటాయి.

ఇక బాల్ జాయింట్లు. ఇక్కడ చాలామంది పొరపడతారు. కారును బాడీ కింద జాకీ పెట్టి లేపితే చక్రం వేలాడుతుంది, స్ప్రింగ్ కింది ఆర్మ్‌ని కిందికి నొక్కుతూనే ఉంటుంది. ఆ ఒత్తిడిలో అరిగిన కింది బాల్ జాయింట్ కూడా చేతికి ఊగకపోవచ్చు. జాకీని కింది ఆర్మ్ కిందే, వీలైనంత బయటి చివరన పెట్టి చక్రాన్ని నేల నుంచి కాస్త లేపండి. అప్పుడు జాయింట్ మీద భారం తగ్గుతుంది. ఇప్పుడు టైరుని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపండి. కదలిక ఉంటే పక్కన ఒకరిని బ్రేక్ గట్టిగా తొక్కమనండి. బ్రేక్ తొక్కగానే కదలిక పోతే లోపం వీల్ బేరింగ్‌ది. అలాగే ఉంటే బాల్ జాయింట్‌దో బుష్‌దో. టైరుని రెండు పక్కలా పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్, స్టీరింగ్ ర్యాక్ లోపలి జాయింట్ బయటపడతాయి. దీనికి ఇంకో మంచి పద్ధతి ఉంది. చక్రాలు నేల మీదే ఉంచి, ఇంజన్ ఆపి, ఒకరు స్టీరింగ్‌ని అటూఇటూ కొద్దికొద్దిగా కదుపుతుంటే మీరు టై రాడ్ ఎండ్ మీద వేలు పెట్టి చూడండి. లూజు ఉంటే కంటికన్నా ముందు వేలికే తెలుస్తుంది.

స్టీరింగ్ వెనక్కి రాకపోవడానికి లూజు కాకుండా బిగుతు కూడా కారణం కావచ్చు, దీన్ని చాలామంది మర్చిపోతారు. రబ్బరు బూటు చిరిగి గ్రీజు పోయి, నీళ్లు చేరిన బాల్ జాయింట్ మొదట బిగుసుకుంటుంది, తర్వాతే అరిగి లూజవుతుంది. ముందు చక్రాలు రెండూ గాల్లో ఉంచి, టై రాడ్ ఎండ్లు విడదీసి, ఒక్కో నకిల్‌ని (బాల్ జాయింట్ల మధ్య ఉండి చక్రాన్ని మోసే ముక్క) చేత్తో అటూఇటూ తిప్పండి. మెత్తగా, ఒకే రకమైన పట్టుతో తిరగాలి. మధ్యలో గరగరమన్నా, ఒకచోట పట్టేసినా ఆ జాయింట్ పని అయిపోయినట్టే. దీంతో పాటు క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గినా స్టీరింగ్ సోమరిగా తిరిగి వస్తుంది, అది అలైన్‌మెంట్‌లో తేలుతుంది.

టక్ టక్ చప్పుడుకు మాత్రం నేను మొదట స్టెబిలైజర్ లింకులను, అంటే మలుపుల్లో కారు ఎక్కువగా వాలకుండా ఆపే బార్‌ని ఆర్మ్‌లకు కలిపే చిన్న కడ్డీలను, అనుమానిస్తాను. చౌకైన భాగం, అరిగేది కూడా అదే ముందు. తేల్చుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. ముందు వైపు రెండు లింకులూ విప్పి, దేనికీ తగలకుండా కట్టేసి, చప్పుడు వచ్చే అదే రోడ్డు మీద మెల్లగా నడపండి. మలుపుల్లో కారు ఎక్కువగా వాలుతుంది కాబట్టి వేగం వద్దు. చప్పుడు పోతే దొంగ దొరికినట్టే. పోకపోతే బంప్ స్టాప్ చూడండి. ఈ కారులో చక్రం పైకి వెళ్లే చోటు తక్కువ, కాబట్టి షాకప్ రాడ్ మీద ఉండే ఆ నురుగు ముక్క తరచుగా పనిలోకి వస్తుంది. ఏళ్లు గడిచేసరికి అది పొడిపొడిగా రాలిపోతుంది. డస్ట్ బూటు పైకి జరిపి చూస్తే ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. అది లేకపోతే పెద్ద గతుకులో ఇనుముకు ఇనుము తగులుతుంది. షాకప్ విషయానికొస్తే, ఒంటి మీద సన్నని నూనె తేమ ఉంటే కంగారు పడక్కర్లేదు, ధారగా కారి దుమ్ము పేరుకుంటే మార్చాలి. కారు మూల నొక్కి వదిలే పరీక్ష పూర్తిగా చచ్చిపోయిన షాకప్‌ని మాత్రమే పట్టిస్తుంది. సగం అరిగినది ఆ పరీక్షలో తేలిగ్గా పాసైపోతుంది.

తనిఖీ చేస్తున్నప్పుడే తుప్పు కూడా చూడండి. జాకీ పెట్టే అంచులు, డోర్ కింద ఉండే సిల్స్, సబ్‌ఫ్రేమ్‌కి ఆర్మ్‌లు కలిసే చోట్లు స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడాలి. ఇనుము లోపలికి దిగితే ఈ పని ఆపేసి ముందు వెల్డింగ్ సంగతి చూసుకోవాలి. అలాగే ఏ ఆర్మ్ అయినా వంగి కనిపిస్తే దాన్ని సరిచేయడానికి ప్రయత్నించకండి, మార్చేయండి.

ఇక అసలు పని. కారుని చదునైన కాంక్రీటు నేల మీద పెట్టండి. మట్టి మీద, వాలు మీద, వేడికి మెత్తబడే తారు మీద వద్దు. ముందు వైపు లేపుతుంటే వెనక చక్రాలకు, వెనక లేపుతుంటే ముందు చక్రాలకు రెండు పక్కలా అడ్డు దిమ్మలు పెట్టండి. వెనక చక్రాలు గాల్లోకి లేచాక హ్యాండ్‌బ్రేక్ కారుని పట్టుకోదు, గుర్తుంచుకోండి. జాకీ కారుని పైకెత్తడానికే, మోయాల్సింది స్టాండ్లు. స్టాండ్ల మీద దించాక కారుని చేతులతో గట్టిగా కుదపండి. అప్పుడే కదిలితే మంచిది, మీరు కిందికి వెళ్లాక కదలకూడదు. తీసిన చక్రాలను సిల్ కింద పడుకోబెట్టండి. ఇందులో ఏ ఒక్కటీ సమయం మిగుల్తుందని వదిలేయకండి, దయచేసి.

ముందైనా వెనకైనా రెండు పక్కలా ఒకేసారి లేపాలి. ఒక పక్కే లేపితే స్టెబిలైజర్ బార్ మెలితిరిగి ఒక ఆర్మ్‌ని పైకి, ఇంకోదాన్ని కిందికి తోస్తూ ఉంటుంది. లింకు బోల్టు ఎంత లాగినా రాదు, వస్తే ఒక్కసారిగా ఎగురుతుంది. రెండు పక్కలా గాల్లో ఉంటే అదే బోల్టు వేళ్లతో జారి వస్తుంది. విప్పడం మాత్రం ఒక పక్కే చేయండి. రెండో పక్క చెక్కుచెదరకుండా ఉంటే వాషర్ ఏ వైపు ఉండాలి, బోల్టు ముందు నుంచి వచ్చిందా వెనక నుంచా అనే సందేహాలకు అదే జవాబు.

చక్రం విప్పకముందే రెండు పనులు చేయాలి. నాలుగు మూలలా చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు వరకు ఎత్తు కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలవకండి, టైరు గాలి మారితే ఆ లెక్క మారిపోతుంది. రెండోది, కింది ఆర్మ్‌ల లోపలి బోల్టులు. ఈ కారులో ముందూ వెనకా ఆ బోల్టులకు క్యామ్ ఉంటుంది, అంటే బోల్టు తిప్పితే ఆర్మ్ లోపలికీ బయటికీ జరిగి అలైన్‌మెంట్ మారుతుంది. ఒక్కో చక్రానికి రెండు, మొత్తం ఎనిమిది. క్యామ్ ఎక్కడ ఉందో సబ్‌ఫ్రేమ్ మీద పెయింట్‌తో గీత పెట్టండి, పెయింట్ చెరిగిపోతుందనుకుంటే మొనతో గీయండి. అలైన్‌మెంట్ కేంద్రం దాకా కారు నడిచి వెళ్లాలంటే ఈ గీతలే ఆధారం.

బోల్టుల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో చేసే ఈ పనిలో రోజులు మింగేది అవే. పాత కారులో బోల్టుకీ బుష్ లోపలి గొట్టానికీ మధ్య తుప్పు పట్టి రెండూ ఒకటైపోతాయి. నట్టు సులభంగానే వస్తుంది, బోల్టు మాత్రం తిరిగినప్పుడల్లా రబ్బరుతో సహా తిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. ఎంఎక్స్-5లో వెనక నకిల్ అడుగున ఉండే పొడవాటి బోల్టు ఇలా పట్టేయడంలో పేరుమోసినది. పనికి కొన్ని రోజుల ముందు నుంచే తుప్పు వదిలించే పెనెట్రేటింగ్ ఆయిల్ రోజూ కొట్టండి. దానికి కావలసింది సమయం, పది నిమిషాల ముందు కొడితే ఏమీ చేయదు. బోల్టు తలకు పన్నెండు మూలల సాకెట్ కాకుండా ఆరు మూలలది వాడండి, మూలలు కొట్టుకుపోకుండా ఉంటాయి. కాస్త కదిలాక ఒకే వైపు తిప్పుతూ పోకండి. కొంచెం విప్పి, కొంచెం బిగించి, మళ్లీ ఆయిల్ కొట్టి, అలా ముందుకూ వెనక్కీ పోనివ్వండి. తుప్పు పొడి బయటికి రావాలి, లోపలే నలిగితే బోల్టు విరుగుతుంది. వేడి చేయడం పనిచేస్తుంది కానీ దగ్గర్లో రబ్బరు, బ్రేక్ గొట్టం, పెట్రోల్ ట్యాంకు లేనిచోట మాత్రమే. రబ్బరు కాలితే వచ్చే పొగ పీల్చకూడదు. ఏదీ పనిచేయకపోతే బుష్‌కీ బ్రాకెట్‌కీ మధ్య సందులో రంపంతో కోయడమే. ఎలాగూ బుష్ మారుస్తున్నారు, బోల్టు కొత్తది వేస్తారు. అందుకే పొడవాటి బోల్టులు, క్యామ్ బోల్టులు, నైలాన్ రింగు ఉండే లాక్ నట్లు ముందే తెప్పించి పెట్టుకోండి. బండి స్టాండ్ల మీద ఉండగా ఒక బోల్టు కోసం ఎదురుచూడటం ఎంత టెన్షనో పడ్డవాళ్లకు తెలుసు.

బ్రేక్ క్యాలిపర్ విప్పాక దాన్ని గొట్టానికి వేలాడనివ్వకండి, తీగతో స్ప్రింగ్‌కో ఆర్మ్‌కో కట్టండి. వెనక వైపు నకిల్ బయటికి వాలినప్పుడు డ్రైవ్ షాఫ్ట్ చివరి రబ్బరు బూట్లు మరీ వంగకుండా చూడండి. ఏబీఎస్ ఉంటే దాని వైరు క్లిప్పులు ముందే విడదీయండి.

బాల్ జాయింట్ విడదీయడానికి రెండు కాళ్ల ఫోర్కుని సుత్తితో దిగ్గొడతారు. అది బూటుని చించేస్తుంది, పారేయబోయే జాయింట్ అయితేనే అది వాడండి. ఉంచుకోవాల్సిన జాయింట్‌కి మర బిగించి తోసే పుల్లర్ కావాలి. నట్టుని పూర్తిగా తీసేయకుండా నాలుగు మరలు ఉంచండి, జాయింట్ ఒక్కసారిగా విడిపోయినా ఆర్మ్ మీద పడకుండా అది ఆపుతుంది. పుల్లర్ బిగువులో ఉండగా నకిల్ చెవికి పక్క నుంచి సుత్తితో గట్టిగా ఒక దెబ్బ వేస్తే చాలావరకు వచ్చేస్తుంది. దెబ్బ నకిల్ మీద పడాలి, జాయింట్ స్టడ్ కొన మీద పడకూడదు. ఈ కారులో కింది బాల్ జాయింట్ విడిగా బోల్టులతో వస్తుంది, పైది కంపెనీ నుంచి ఆర్మ్‌తో కలిసే వస్తుంది. పైది పోయిందంటే ఆర్మ్ మొత్తం మార్చే లెక్క వేసుకోండి. బిగించేటప్పుడు స్ప్లిట్ పిన్ రంధ్రం సరిగా కుదరకపోతే నట్టుని వెనక్కి వదలకండి. తర్వాతి గాడి వచ్చేదాకా ముందుకే బిగించాలి. పాత పిన్ మళ్లీ వాడొద్దు.

స్ప్రింగ్ దగ్గర మాత్రం తొందర అస్సలు పనికిరాదు. కారు బరువు 1,000 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, చక్రానికి సుమారు 250 కిలోలు. స్ప్రింగ్ చక్రం కన్నా లోపలగా కూర్చుంటుంది కాబట్టి దాని మీద పడే బలం అంతకన్నా ఎక్కువే. ఈ కారులో స్ప్రింగ్, షాకప్ ఒకే ముక్కగా బయటికి వస్తాయి, అది అదృష్టం. కారులో ఉండగా షాకప్ మధ్య నట్టు ముట్టుకోకండి, బాడీకి పట్టి ఉంచే పక్క నట్లు మాత్రమే విప్పాలి. బయటికి తీశాక బల్ల మీద స్ప్రింగ్‌ని నొక్కి పట్టే కంప్రెసర్ పెట్టండి. రెండు కొక్కేలు స్ప్రింగ్‌కి ఎదురెదురుగా ఉండాలి, ఒకదాన్ని కొన్ని చుట్లు, ఇంకోదాన్ని కొన్ని చుట్లు, అలా సమానంగా చేత్తో బిగించాలి, ఇంపాక్ట్ గన్‌తో కాదు. స్ప్రింగ్ తన సీటులో వదులై చేత్తో తిప్పితే తిరగాలి. అప్పుడే మధ్య నట్టు విప్పాలి. ఆ సమయంలో మీ ముఖం, చాతీ స్ప్రింగ్ రెండు కొనలకూ ఎదురుగా ఉండకూడదు. కంప్రెసర్ మరలు అరిగి ఉంటే, కొక్కెం జారుతున్నట్టు అనిపిస్తే ఆపేయండి. ఆ ఒక్క పని వర్క్‌షాపుకు తీసుకెళ్లి చేయించుకోండి, అందులో తక్కువతనం ఏమీ లేదు.

వేరే పాత స్పోర్ట్స్ కార్లున్నవాళ్లు ఇది చదివితే, మీ కారు స్ప్రింగ్ ఏ రకమో ముందు తెలుసుకోండి. ఎంజీబీలో ముందు స్ప్రింగ్ కింది ఆర్మ్‌కీ క్రాస్‌మెంబర్‌కీ (కారు కింద అడ్డంగా ఉండే దూలం) మధ్య విడిగా కూర్చుంటుంది. కింద జాకీ ఆసరా లేకుండా ఆర్మ్ విప్పితే ఎగిరి వస్తుంది. దాని షాకప్ చెయ్యే పై ఆర్మ్ కూడా, అందుకని షాకప్ లూజైతే చక్రం కోణమే మారుతుంది. 1989 దాకా వచ్చిన పోర్షా 911ల్లో కాయిల్ బదులు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగ్‌లా పనిచేసే ఉక్కు కడ్డీలు), 1963 నుంచి కొన్ని దశాబ్దాల పాటు కార్వెట్ వెనక వైపు అడ్డంగా ఉండే లీఫ్ స్ప్రింగ్. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ముందు చక్రాల దగ్గర నకిల్ అడుగున ఉండే ట్రనియన్లు అనే మర కీళ్లకు గ్రీజు కాదు, చిక్కటి గేర్ ఆయిల్ పోయాలి. గ్రీజు పెట్టుకుంటూ పోతే ట్రనియన్‌లో తిరిగే నకిల్ కొన పొడిబారి ఏదో రోజు విరుగుతుంది.

బుష్‌ల దగ్గరికి వద్దాం. పాతవి తీయడానికి పెద్ద ప్రెస్ ఉంటే మంచిది, లేకపోతే గట్టి మరబోల్టు, ఒక వైపు బుష్ పట్టేంత గొట్టం, ఇంకో వైపు దాన్ని తోసే సాకెట్ ఉంటే పనవుతుంది. ఆర్మ్ చెవులు లోపలికి వంగకుండా వాటి మధ్య ఆసరా పెట్టండి. రబ్బరు వచ్చేసి బయటి గొట్టం ఆర్మ్‌లోనే మిగిలితే రంపం బ్లేడుతో లోపలి నుంచి ఒక గాడి కోసి మడిచి తీయండి, కోత ఆర్మ్ దాకా దిగకుండా చూడండి. కొత్తది ఎక్కించేముందు రంధ్రంలోని తుప్పు శుభ్రం చేసి, సబ్బు నీళ్లు రాసి, వంకర లేకుండా మొదలుపెట్టాలి. రబ్బరుకి మామూలు గ్రీజు, ఇంజన్ ఆయిల్ రాయకండి, ఉబ్బి పాడవుతుంది.

రబ్బరు బదులు గట్టి ప్లాస్టిక్ లాంటి పాలీయురేథేన్ (పాలీ) బుష్‌లు వేయాలా అని తప్పకుండా అడుగుతారు. అవి ప్రెస్ లేకుండానే చేత్తో ఎక్కుతాయి, అదే వాటి పెద్ద ఆకర్షణ. స్టీరింగ్ చురుగ్గా అవుతుంది. కానీ రోడ్డు మీద ఉన్న ప్రతి చిన్న గతుకూ కారులోకి వినిపిస్తుంది, గ్రీజు ఎండిపోతే కీచుమంటాయి, మళ్లీ విప్పి రాయాలి. రోజూ రోడ్డు మీద నడిపే కారుకు నేను కంపెనీ రబ్బరే వేస్తాను. కారు కొత్తగా ఉన్నప్పుడు ఎలా నడిచేదో ఆ హాయి రబ్బరుతోనే తిరిగి వస్తుంది. ట్రాక్ మీద తిప్పేవాళ్ల సంగతి వేరు. పాలీ వేస్తే కిట్‌తో ఇచ్చిన గ్రీజే రాయండి.

ఇప్పుడు ఈ జవాబులో మీరు తప్పక పాటించాల్సిన మాట. రబ్బరు బుష్ తిరిగే బేరింగ్ కాదు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్‌కి అతుక్కుపోతుంది, బయటి గొట్టం ఆర్మ్‌తో పాటు కదులుతుంది, మధ్యలో రబ్బరు మెలితిరుగుతుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా బోల్టు బిగించేశారనుకోండి, కారు కిందికి దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు తడిబట్ట పిండినట్టు మెలిపడి అలాగే ఉండిపోతుంది. పార్కింగ్‌లో నిలబడి ఉన్నప్పుడు కూడా. కారు ఎత్తుగా కూర్చుంటుంది, గతుకుల మీద బిగుసుకున్నట్టు ఉంటుంది, కొన్ని నెలల్లోనే కొత్త బుష్ చిరుగుతుంది. కొత్తవి వేసినా లాభం లేదని చాలామంది అనడానికి కారణం ఇదే, నాసిరకం భాగాలు కాదు.

కాబట్టి ఆర్మ్ బోల్టులు, రబ్బరు బుష్ ఉండే షాకప్ కింది బోల్టు చేత్తో బిగువు వచ్చేదాకా మాత్రమే ఎక్కించండి. చక్రాలు బిగించి, కారుని చక్రాల కింద చెక్క దిమ్మల మీదో ర్యాంపుల మీదో దించండి. నాలుగు చక్రాలూ ఒకే ఎత్తులో ఉంటే మంచిది. కారుని మూలల్లో నొక్కి వదిలి, ముందుకూ వెనక్కీ కొద్దిగా దొర్లించి, రాసుకున్న ఎత్తుతో పోల్చి చూడండి. కిందికి వెళ్లేముందు చక్రాలకు అడ్డు దిమ్మలు, సిల్ కింద స్టాండ్లు మళ్లీ పెట్టండి. అప్పుడు టార్క్ రించ్‌తో (బిగువు కొలిచి చూపే పానా), వర్క్‌షాప్ మాన్యువల్ చెప్పిన అంకెకు ప్రతి బోల్టూ బిగించండి. కిందికి దూరే చోటు లేకపోతే ఒక్కో కింది ఆర్మ్‌నీ జాకీతో ఆ కొలత వచ్చేదాకా లేపి బిగించవచ్చు, అయితే కారు స్టాండ్ మీద నుంచి లేవకుండా చూసుకుంటూ. పాలీ బుష్‌లో గొట్టం స్వేచ్ఛగా తిరుగుతుంది కాబట్టి ఈ బాధ లేదు. బిగించిన ప్రతి బోల్టు తల మీద పెయింట్‌తో ఒక చుక్క పెట్టండి, ఏది మిగిలిందో వెంటనే తెలుస్తుంది. బోల్టుల ఒంటికి పల్చగా యాంటీ సీజ్ (తుప్పుతో పట్టేయకుండా ఆపే పేస్టు) రాస్తే తర్వాత ఎవరు విప్పినా మిమ్మల్ని తలచుకుంటారు, కాకపోతే మరల మీద పడనివ్వకండి, టార్క్ లెక్క మారిపోతుంది.

షాకప్‌లు కూడా మారుస్తుంటే ముందు రెండూ లేదా వెనక రెండూ జతగానే మార్చండి. కొత్త ట్విన్ ట్యూబ్ షాకప్‌ని నిలువుగా పట్టుకుని మూడు నాలుగుసార్లు పూర్తిగా లాగి నొక్కాలి, పడుకోబెట్టినప్పుడు చేరిన గాలి పోతుంది. బంప్ స్టాప్, డస్ట్ బూటు, పై రబ్బరు కొత్తవి వేయండి, మళ్లీ అంతా విప్పే ఓపిక ఎవరికీ ఉండదు. కారు ఎత్తు తగ్గించే పొట్టి స్ప్రింగ్‌ల జోలికి ఇప్పుడు వెళ్లకండి. ముందే చోటు తక్కువున్న కారు ఇది, ఇంకా తగ్గిస్తే బంప్ స్టాప్‌ల మీదే నడుస్తుంది.

చక్రాల నట్లు కారు నేల మీద ఉండగా, ఎదురెదురు వరుసలో బిగించాలి. ఈ కారుకి 89 నుంచి 118 న్యూటన్ మీటర్ల మధ్య. కదిలేముందు బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా తొక్కండి, క్యాలిపర్ కదిపినప్పుడు పిస్టన్లు లోపలికి జరిగి ఉంటే మొదటి తొక్కుడు ఖాళీగా పోతుంది. మొదటి ప్రయాణం ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగంతో, అద్దాలు దించుకుని. తిరిగొచ్చాక ఒకసారి, వంద కిలోమీటర్ల లోపు ఇంకోసారి అన్ని బోల్టులూ టార్క్ రించ్‌తో చూడండి.

అలైన్‌మెంట్ తప్పనిసరి. గీతల దగ్గరే క్యామ్‌లు పెట్టినా, బుష్‌లు కొత్తవయ్యాక పాత స్థానానికి అర్థం ఉండదు, అరిగిన బుష్‌లకు సర్ది పెట్టిన కొలత అది. బుష్‌లు సర్దుకోవడానికి కాస్త నడిపాక తీసుకెళ్లండి. నాలుగు చక్రాలూ చేసేవాళ్ల దగ్గరికే వెళ్లండి. మొదట వెనక చక్రాలు, తర్వాత ముందు చక్రాలు. ముందు వైపు మొదట క్యాస్టర్, తర్వాత క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం), చివర టో. ఈ వరుస తప్పితే టో రెండుసార్లు చేయాల్సి వస్తుంది, ఎందుకంటే క్యాంబర్ కదిలితే టో కదులుతుంది. క్యామ్‌లు తుప్పు పట్టి తిరగని కారుకి చాలాచోట్ల టో ఒక్కటి సరిచేసి పంపేస్తారు. మీరు కొత్త బోల్టులు వేసి తీసుకెళ్తారు కాబట్టి అన్నీ సరిచేయమని అడిగే వీలుంటుంది. డ్రైవర్ సీటులో మీ బరువుకి సరిపడా ఏదైనా పెట్టమనండి, ఇంత తేలికైన కారులో దానికీ తేడా కనిపిస్తుంది.

మీ కారు వరకు నా వరుస ఇది. లింకులు విప్పి చప్పుడు సంగతి తేల్చుకోండి, బాల్ జాయింట్లు తిప్పి చూడండి, ముందూ వెనకా బుష్‌లు మార్చండి, అలైన్‌మెంట్ చేయించండి, ఆ తర్వాత కొన్ని వారాలు నడపండి. అప్పటికీ గతుకు దాటాక కారు ఊగుతుంటే షాకప్‌లు మార్చండి. తనిఖీలో షాకప్ నూనె కారుతూ కనిపిస్తే మాత్రం ఆర్మ్‌లు విప్పినప్పుడే మార్చేయండి, పని ఎలాగూ అక్కడిదాకా వచ్చింది. నకిల్‌ని చేత్తో తిప్పినప్పుడు ఎలా అనిపించిందో, టైరు ఏ వైపు రంపంలా తగిలిందో రాస్తే, ఏ భాగాలు తెప్పించాలో ఇంకాస్త కచ్చితంగా చెబుతాను.